ఎవరింటి బిడ్డవని అడగకూడని గదికి: మదనపల్లె నుంచి కుప్పం

మదనపల్లెలో కౌన్సెలింగ్ చేసే నేను, కుప్పం విశ్వవిద్యాలయంలో అదే చదువు చదివే పిల్లలకు శిక్షణ ఇవ్వడానికి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. ఈసారి మాత్రం రెడ్డెప్ప ఒక్కడి కోసమే వెళ్లాను. (పేర్లూ ఊళ్లూ మార్చాను లెండి.) సోమల దగ్గరి పల్లె పిల్లవాడు, కూలికి పోయే ఇంట్లోంచి ఇంత చదువు దాకా వచ్చిన మొదటివాడు. మంచి మనసు. ఆ మంచితనమే వాడి కొంప ముంచింది. పోయిన నెల అక్కడి కౌన్సెలింగ్ గదికి ఒక విద్యార్థిని ఏడుస్తూ వచ్చి వాడి ఎదురుగా కూర్చుంటే, నీళ్లిచ్చి, "యా ఊరమ్మా? ఎవురింటి బిడ్డవి?" అని అడిగాడు. పాపం చెప్పింది. "ఓ, మీ మేనమామ మాకు బాగా తెలుసు కదా!" అన్నాడు సంతోషంగా. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని లేచి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. "ఈసారీ ఇట్లే అయితే నన్ను ఎవురి ముందరా కూర్చోబెట్టరు మేడమ్. సదువు నిలిపేసి మా అన్నతో లారీకి పోవాల్సిందే," అన్నాడు ఫోన్‌లో. వాడు ఇంకొకరితో మాట్లాడేటప్పుడు పక్కనుండి చూసి, పనికొస్తాడో లేదో నేను తేల్చాలి.

ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో పలమనేరు బస్సెక్కాను. నేరుగా కుప్పం బస్సు దొరికితే అదృష్టమే, లేకుంటే పలమనేరులో మారాలి. ఎలా వెళ్లినా ఛార్జీ మరీ ఎక్కువేం కాదు. పక్క సీటులో చింతపండు మూటతో ఒక పెద్దావిడ. నేను సర్దుకుని కూర్చోకముందే మొదలుపెట్టింది.

"యా ఊరమ్మా?"

"మదనపల్లెనే."

"అది మెట్టినూరు గదా. పుట్నిల్లు యాడ?"

"కలికిరి."

"కలికిరా! మా సిన్నకోడలిదీ ఆ పక్కే. ఎవురింటోళ్లు మీరు?"

పుంగనూరు చేరేలోపే మాకు వరసలు కలిసిపోయాయి, నేను ఆవిడకు ఎటునుంచో కోడల్ని అయ్యాను. అక్కడ బస్సు కాసేపు ఆగితే టీ తెప్పించి, నన్ను పర్సు తియ్యనివ్వలేదు. "సుట్టాల మధ్య లెక్కేంది, ఊరుకో!" అని కసిరింది. నిజం చెప్పొద్దూ, నాకు భలే హాయిగా అనిపించింది.

పలమనేరు దాటాక అదే ఆలోచన. మా వైపు ఊరూ ఇల్లూ అడగడం ఆరా కాదు, మర్యాద. అడక్కపోతే పొగరనుకుంటారు. ముందు చుట్టరికం, ఆ తర్వాతే కష్టసుఖాలు. కానీ ఇంట్లో తెలియకూడని కష్టం ఉన్న పిల్లకు ఆ చుట్టరికమే భయం. పుట్టినప్పటి నుంచీ నాలుక మీదున్న మాటను చెప్పులతోపాటు బయట విడిచి రమ్మంటాం మేము. వినడానికి తేలికే. పిల్లలు పరీక్షలో చక్కగా రాస్తారు, మనిషి ఎదురుపడగానే "ఎవురి బిడ్డవి" అనేస్తారు.

పదిన్నర దాటాక కుప్పంలో దిగి ఆటోలో క్యాంపస్ చేరాను. మధ్యాహ్నం మెస్సులో రాగి సంగటి, నంజుకోను ఊరిబిండి పచ్చడి. వడ్డించే ఆవిడ నాకు ఇంకో ముద్ద వేస్తూ, "మీరన్నా తినండి మేడమ్, ఆ రెడ్డెప్ప పొద్దున్నుంచి పచ్చి నీళ్లు ముట్టలా," అంది.

రెండింటికి కౌన్సెలింగ్ గదికి ఒక అమ్మాయి వచ్చింది. నేను మూల కుర్చీలో కూర్చోవడానికి ఒప్పుకుంది. రెడ్డెప్ప ఆమెను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు, భయమనుకున్నాను. కూర్చోమన్నాడు. తర్వాత మాట లేదు. నోట్లోంచి ఆ ప్రశ్న ఎక్కడ జారిపోతుందోనని అసలు నోరే కట్టేసుకున్నాడు! ఆ అమ్మాయి పోలీస్ స్టేషన్‌లో కూర్చున్నట్టు ముడుచుకుపోయింది. అయిపోయిందిరా దేవుడా, అనుకున్నాను.

చివరికి ఆమే అడిగింది. "అన్నా, నీది యా ఊరు?"

మీ సంగతులు చెప్పకండి, ప్రశ్నను వాళ్ల వైపే తిప్పండి అని నేర్పింది నేనే. వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

"సోమల పక్కనమ్మా. నీ ఊరు నాకొద్దు, ఎవురి బిడ్డవో వద్దు. నీకేం కష్టమొచ్చిందో అది సెప్తే సాలు."

"మా ఊరోళ్లు ఎవురన్నా తెలుసా నీకు?"

"తెలిసినా, ఈ గదిలో తెలీదు."

ఆమె కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, మాట్లాడడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. వెళ్లేటప్పుడు, "మళ్లీ రావచ్చా అన్నా?" అని అడిగింది.

మేం నేర్పేది ఎక్కడో ఇరుగుపొరుగు ఒకరికొకరు తెలియని చోట్ల పుట్టిన పద్ధతి. అది మా నేల మీద యథాతథంగా నిలబడదు. కాస్త చుట్టరికం ఉంటేగాని ఇక్కడ నోరు పెగలదు. ఎంత ఉండాలో తూచి చెప్పడం నాకింకా రాదు. రెడ్డెప్ప పనికొస్తాడని మాత్రం విశ్వవిద్యాలయం వాళ్లకు అక్కడే చెప్పేశాను. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక్క మాట: తిరుగు ప్రయాణంలో మదనపల్లె బస్సు కోసం కాచుకోకండి, సాయంత్రం ఐదులోపు పలమనేరు వెళ్లే బస్సు ఏదొస్తే అది ఎక్కేయండి.

బస్టాండుకు సాగనంపడానికి రెడ్డెప్ప వచ్చాడు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "మేడమ్, ఆయమ్మిని లోపలికి వస్తానే గుర్తుపట్టినా. ఆయమ్మికి నేను తెలీదు గానీ, వాళ్లింటోళ్లంతా నాకు తెలుసు."

ఎవరింటి పిల్లరా, అని నా నోటిదాకా వచ్చింది.

నేను అడగలేదు. వాడూ చెప్పలేదు.