మొద్దుని మిల్లుకి పంపిన రోజు

మా ఆయన పోయాక, చెదలు పట్టిన తలుపు మార్పించుకుందామని మొన్న గుణదల దగ్గర టింబరు డిపోకెళ్లాను. పచ్చి రంపప్పొట్టు వాసన తగిలేసరికి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, హనుమాన్ జంక్షన్ అవతల మా పొలంలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు గొడ్లసావిడి మీదకి ఒరిగిపోయింది. కొట్టటానికి మనుషులొచ్చారు. సావిడి మీద పడకుండా మోకులు కట్టి అవతలికి లాగితే, సాయంత్రానికి కూలింది. చదువు ఎక్కట్లేదని మా ఇంట్లో అందరూ నన్ను మొద్దు అనే పిలిచేవాళ్లు. నేను గడ్డివామి చాటున ఉండగా చెట్టు కొట్టినవాళ్ల మేస్త్రి మా నాన్నని అడిగాడు.

"మొద్దుని మిల్లుకి ఎప్పుడు పంపుతారండీ?"

"రేపు పొద్దున్నే లారీ ఎక్కించేస్తా. ఇక్కడుంచుకుని ఏం చేసుకుంటామయ్యా?"

నా గురించే అనుకుని ఇంట్లోకి పరిగెత్తాను. ఆ పూట అమ్మ అడక్కుండానే అన్నంలో నెయ్యి వేసింది. పంపించేసేదానికే ఇదంతా అనుకున్నా. తెల్లారి లారీ హారన్ వినపడగానే గాదె వెనక దూరాను. నాన్న చెయ్యి పట్టుకుని లాగితే కొరికేశాను.

"నేను మిల్లుకెళ్లను నాన్నా!"

నాన్న పడీపడీ నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, మొద్దంటే ఆ చెట్టే! నిన్నెందుకు పంపుతానే? ఒట్టు!"

లారీలో చెట్టే వెళ్లింది. ఆ తొలకరికి మాత్రం నన్ను బడి మాన్పించి నాట్లకి పంపాడు. నాన్న అబద్ధమాడాడని అనను గానీ, ఆ ఒట్టు ఇప్పటికీ సగమే నమ్ముతాను.