బోలు రాళ్ళ మేస్త్రీ

మా ఆయన తాపీమేస్త్రీ. మోకాళ్ళు అరిగిపోయి పరంజా ఎక్కలేని రోజు వచ్చాక నోటికి తాళం వేసుకున్నాడు. కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చునేవాడు. తిడితే తిరిగి తిట్టేవాడు కాదు. కాపురం మొదలైనప్పటినుంచీ నాతో మాటకి మాట అన్న మనిషి, ఉప్పు లేని కూర పెట్టినా ఊఁ అని తినేస్తుంటే నా గుండె జారిపోయింది. ఇలా కూర్చునే కరిగిపోతాడేమోనని భయపడ్డాను, అబద్ధమెందుకు.

మోకాళ్ళ డాక్టరు గది బయట ఒక గాజుతొట్టి ఉంది. ఉప్పునీళ్ళ తొట్టి. లోపల రాళ్ళ గుట్ట, దానిమీద పువ్వుల్లా విచ్చుకుని ఊగే పగడపు జీవులు, వాటి మధ్య చేపలు. తొట్టిలోని నీలం వెలుగు మా ఆయన ముఖం మీద పాకుతోంది. లోపలికి రమ్మని ఎంత పిలిచినా వినిపించుకోలేదు. నేను భుజం పట్టి కుదిపితే నిద్రలో మాట్లాడినట్టు అన్నాడు.

"ఏమే, ఇలాంటిది మనమొకటి కడితే?"

కొందాం అనలేదు, కడదాం అన్నాడు. ఆ ఒక్క మాటకోసం సముద్రాన్నే ఇంటికి తెమ్మన్నా తెచ్చేదాన్ని.

పాత తొట్టి ఒకటి దొరికింది. చిక్కంతా రాళ్ళ దగ్గరే వచ్చింది. చేపల కొట్టాయన చూపించినవి సముద్రంలోంచి తీసినవట, తడితడిగా, ఊదారంగు పూతతో ఉన్నాయి. ధర విని, "రాయికా, రత్నానికా?" అన్నాను.

కొట్టాయన నవ్వాడు. "అన్నీ ఇవే అక్కర్లేదమ్మా. అడుగంతా పొడి రాయి పేర్చుకోండి, ఇదొక్కటి తోడు పెట్టండి. దీంట్లో ఉన్న కంటికి కనపడని జీవులు మెల్లిగా అన్నిటికీ పాకుతాయి. పాలకి తోడు వేసినట్టే అనుకోండి. పొడిది మాత్రం సున్నపురాయి అవ్వాలి, తేలిగ్గా ఉండాలి, ఒంటినిండా చిల్లులుండాలి. తుప్పురంగు చారలుంటే ముట్టుకోకండి."

మర్నాడు రాళ్ళ డిపోకి వెళ్ళాం. దాని యజమాని మా ఆయనకి పాత నేస్తం. మంచి రాయి వరుసలన్నీ దాటి, ఎవరూ కొనక మూలన పారేసిన గుట్ట దగ్గర మా ఆయన కూలబడ్డాడు. ఒక్కోటీ ఎత్తి బరువు చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొడతాడు. సీసాలో తెచ్చిన వెనిగర్ నేనొక చుక్క వేస్తే కొన్నిటి మీద నురగ బుసబుసమంది. అవి సున్నపురాళ్ళన్నమాట. ఒకదాంట్లో గవ్వ ముద్ర కనిపించింది. "ఇదెప్పుడో సముద్రం అడుగున ఉన్నదేనే," అంటూ దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మండుటెండలో కూర్చున్నా మనిషి మాత్రం ఎక్కడో నీళ్ళలోనే ఉన్నాడు.

"మేస్త్రీ, నీకేమన్నా మతిపోయిందా? ఇలాంటి బోలు రాళ్ళు పంపాననేగా అప్పట్లో నా బండి వెనక్కి తోలావు!" అన్నాడు నేస్తం.

"అప్పుడు గోడరా. ఇప్పుడు సముద్రం."

రాళ్ళు దాదాపు ఊరికే వచ్చాయి.

వాటిని రుద్ది కడిగి, కొట్లో కొన్న ఆ ఒక్క ఖరీదైన రాయితో కలిపి స్నానాలగదిలో ఉప్పునీళ్ళ టబ్బులో వారాల తరబడి నానబెట్టాడు. అబ్బబ్బ, మొదట్లో ఆ వాసన! ముక్కు మూసుకుని స్నానం చేశాను. ఏమన్నా అంటే, "కాస్త ఓర్చుకోవే, సముద్రం పుడుతోంది," అనేవాడు. పురిటి కష్టాలన్నీ నాకేనా అని గొణిగాను గానీ, ఆయన నోట మాట వింటుంటే ప్రాణం లేచొచ్చింది.

వాసన పోయాక పేర్చాడు. కట్టుబడి అంటే అదీ! దారానికి గుండు కట్టి నిలువు చూసుకుంటూ, రాయికి రాయి కరిపించి, సందుల్లో చిన్న రాతిచెక్కలు దోపి, సూది దూరకుండా గోడలా లేపాడు. నీళ్ళు పోసి దీపం వెలిగించాం. మధ్యాహ్నాలు గది కప్పు మీద నీటి నీడలు కదులుతుంటే ఇద్దరం చాప మీద పడుకుని చూస్తూ ఉండిపోయేవాళ్ళం. పొయ్యిమీద పాలు మాడిపోయినా నాకు తెలిసేది కాదు. నీళ్ళు కుదిరాయని కొట్టాయన చెప్పాక ఒక నారింజరంగు చేపను తెచ్చాం, బొటనవేలంత.

అది తిండి ముట్టలేదు. రెక్కలు ముడుచుకుని, అద్దం మూలకి అతుక్కుని ఒగర్చింది. మర్నాడూ అంతే. మా ఆయనా కంచం జరిపేశాడు. సాయంత్రానికి కుర్చీ మళ్ళీ గోడవైపు తిరిగింది. పరుగెత్తుకెళ్ళి కొట్టాయన్ని లాక్కొచ్చాను. ఆయన తొట్టి చూసి గడ్డం గోక్కున్నాడు.

"రాయి బ్రహ్మాండంగా ఉంది మేస్త్రీగారూ. కానీ ఈ చేప దాక్కోడానికి చోటేది? నీళ్ళు కూడా రాళ్ళ మధ్యనుంచి తిరగాలి. సందులు వదలాలండీ."

"సందులు వదిలే మేస్త్రీని కాను నేను," అన్నాడు మా ఆయన, తల తిప్పకుండానే.

నాకు ఒళ్ళు మండింది. "గుమ్మం లేని ఇల్లు కట్టి, లోపలికి రాలేదని అలుగుతావేమయ్యా! లేచి తియ్యి ఆ రాళ్ళు! నీ పనితనం చల్లగుండ, దానికోసం ఆ చేపను చంపుతావా, నన్ను చంపుతావా?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను.

మా ఆయన తల ఇటు తిప్పాడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా నీళ్ళలో పెట్టాడు. కట్టిన గోడను ఆయన తన చేత్తో విప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఒక రాయి తీశాడు. పెదవి కొరుక్కుంటూ దానికింద ఇంకోటి తీశాడు. మిగిలినవి ఒకదానిమీదొకటి వాలేలా సర్దితే మధ్యలో వంకరటింకరగా చీకటి గుహ ఏర్పడింది. మోచేతినుంచి నీళ్ళు కారుతుండగా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

చేప కదిలింది. గుహ దాకా వచ్చి వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. తోక ఒక్కసారి ఆడించి లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి తల మాత్రం బయటపెట్టి, కొత్తింటి ఆవిడలా మమ్మల్ని ఎగాదిగా చూసింది.

మా ఆయన నేలమీద చతికిలబడ్డాడు. కళ్ళు నిండిపోయాయి.

"ఇన్ని ఇళ్ళు కట్టానా, రంగులు వెయ్యకముందే ఇంకో చోటికి పోయేవాణ్ణి. నేను కట్టినదాంట్లోకి ఒకళ్ళు దిగుతుంటే చూడ్డం ఇదే మొదటిసారే," అన్నాడు.