నాయనమ్మ గొంగట్లో కోడిగుడ్లు

మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మా చిన్నల్లుడు మొన్న కోడిగుడ్లను పొదిగే మిషన్ ఒకటి కొని తెచ్చి, హాల్లో టీవీ పక్కన పెట్టాడు. లోపల వేడి ఎంతుందో అంకెల్లో చూపిస్తుందట, గుడ్లను దానంతటదే తిప్పుతుందట. ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి ముచ్చటపడుతుంటే నేనూ కళ్లజోడు సవరించుకుని చూశాను గానీ, నా మనసు మాత్రం ఖానాపూర్ అవతలి మా ఊళ్లో నులక మంచం మీద గొంగడి కప్పుకుని పడుకున్న మా నాయనమ్మ దగ్గరికి పోయింది.

కోడిని పొదగేయడం గురించి మన ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు. పాత గంపలో గడ్డి పరిచి, గుడ్లు సర్ది, ఉరుములకు అవి చెడిపోకుండా ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు పెట్టి, ఆపైన కోడిని కూర్చోబెట్టేవాళ్లం. మా ఇంట్లో ఆ పెత్తనమంతా నాయనమ్మదే. అలాంటి మనిషి వాకిట్లో జారిపడి, తుంటి విరిగి మంచాన పడింది. నొప్పి కన్నా ఒకరి చేత చేయించుకోవలసి వచ్చిందన్న దిగులే ఆమెను ఎక్కువగా కుంగదీసి, మెల్లమెల్లగా తిండి మాన్పించింది. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ జొన్న గట్క కలిపి నోటి దాకా తెచ్చినా మొహం గోడ వైపు తిప్పుకునేది. బాపు బతిమాలేవాడు, కోప్పడేవాడు, ఆ తర్వాత దొడ్లోకి పోయి కళ్లు తుడుచుకునేవాడు. ముసలామె ఇక దక్కదని చుట్టాలు చూసిపోవడం కూడా మొదలుపెట్టారు.

అప్పుడే, పొదుగు మీదున్న మా కోడి మేతకని బయటికి వస్తే కుక్క పట్టుకుపోయింది. పిల్లలయ్యే రోజులు దగ్గరపడ్డ గుడ్లు గంపలో ఇంకా వెచ్చగానే ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ, తమ కోడి పొదుగుకొచ్చిందని, గుడ్లను దాని కింద పెడతానని మంచి మనసుతో వచ్చింది. అవ్వ ఆమెకు వద్దని చెప్పి పంపేసి, గుడ్లన్నిటినీ పత్తిలో పొదివి తెచ్చి, నాయనమ్మ గొంగట్లో ఆమె కడుపు పక్కన పెట్టింది.

“అత్తా, కోడిని కుక్క వట్కపోయింది. గీ గుడ్లను ఇగ నువ్వే కాపాడాలె.”

మంచంలో ఉన్న మనిషితో ఆటలేమిటని బాపు గయ్యిమన్నాడు. అవ్వ గొంగడి అంచులు సర్దింది. గొంగడి కింద నాయనమ్మ చేతులు మెల్లగా కదలడం మేమందరం చూశాం. కాసేపటికి మొహం ఇటు తిప్పి అవ్వను పిలిచింది.

“నా ఒళ్లే సల్లగుంటే గుడ్లకు కాక యాడికెళ్లొస్తది? జర గంత గట్క తే.”

అవ్వ గిన్నె నిండా గట్క పట్టుకుని ఉరికొచ్చింది.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లో నాయనమ్మదే రాజ్యం. వేళకు తినేది, గుడ్లను ఒక్కొక్కటే తిప్పేది, చెవికి ఆనించుకుని లోపలి చప్పుడు వినేది, మేం మంచానికి తగిలితే తిట్టిపోసేది. ఒకనాడు మొగులు పట్టి ఉరమగానే తన పక్కలో బొగ్గు ముక్క, మేకు పెట్టమని బాపును గద్దించింది. ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పే బాపు, మారు మాట్లాడకుండా పొయ్యి కెలికి బొగ్గు తెచ్చి తల్లి పక్కలో పెడుతుంటే మేం నవ్వాపుకోలేక వాకిట్లోకి ఉరికాం.

గుడ్లన్నీ పిల్లలు కాలేదు, కొన్ని మురిగిపోయాయి. అయినవి మాత్రం గొంగడి అంచు కింద నుంచి తలలు బయటపెట్టి కియ్యకియ్యమంటుంటే, తనను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టమని నాయనమ్మే అడిగింది. ఆ తర్వాత ఆమె నడవలేదు గానీ అన్నం మాత్రం మానలేదు. నా పెళ్లి దాకా ఉండి, నా తలంబ్రాల బియ్యానికి తన చేతులతోనే పసుపు కలిపింది. ఆ చేతుల దీవెన నాకు దక్కినందుకు ఈనాటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

పక్కింట్లో పొదుగు కోడి ఉండగా గుడ్లు పాడైతే ఎట్లా అని ఆలోచించలేదా అని, పెళ్లయిన చాలా ఏళ్లకు అవ్వను అడిగాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండానే చెప్పింది.

“గుడ్లు వోతె వోనీ అనుకున్న బిడ్డా. మా అత్త ఉండాలె గద.”

ఇప్పుడు నాకూ నాయనమ్మ ఈడు వచ్చింది. నా పిల్లలు బంగారం. కాలు కింద పెట్టనివ్వరు, మందులు వేళ తప్పనివ్వరు, లేవబోతే నలుగురూ కూర్చోమంటారు. ఆ రోజుల్లో లేని సుఖాలన్నీ కాళ్ల దగ్గరికే వస్తున్నాయి, కాదనను. ఎప్పుడైనా ఒక్కసారి మాత్రం, నువ్వు చేయకపోతే ఈ పని కాదని ఎవరైనా వచ్చి అడిగితే బాగుండుననిపిస్తుంది.