గురుగులు పీకే అధికారం

2004లో నన్ను వేదాంత కళాశాల నుంచి ఇల్లందు దగ్గరి అడవి పల్లెల పాస్టరేటుకు బదిలీ చేశారు. పాస్టరేటు అంటే ఒకే గురువు కింద ఉండే కొన్ని సంఘాలు. కాలేజీలో నేను చెప్పింది మధ్యయుగపు బైబిలు వ్యాఖ్యానాలు. నా క్లాసుకు పిల్లలు కునుకు తీయడానికే వస్తారని తోటి అధ్యాపకులు ఆటపట్టించేవారు. ఆ పాత చదువు పనికొస్తుందని నేను మాత్రం అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

వెళ్లిన ఏడాదే ముత్తమ్మ తగాదా వచ్చింది. వాళ్ల గూడెంలో బాప్తిస్మం తీసుకున్నది ఆమె ఒక్కతే. అన్న ఇంట్లో కొత్త పంట చేతికొచ్చినప్పుడు చేసే కొత్తల పండుగకు వెళ్లి, దేవరకు పెట్టిన అన్నం తిన్నది కాబట్టి ఆమెను ప్రభువు బల్లకు, అంటే చర్చిలో అందరూ రొట్టె పంచుకునే సంస్కారానికి, దూరం పెట్టాలని సంఘ కమిటీ కార్యదర్శి యేసురత్నం పట్టుబట్టాడు. గూడెంలో ఆమె అప్పటికే సగం పరాయిది. సంఘం కూడా కాదంటే ఇక ఎటూ కాకుండా పోతుంది.

కమిటీ కూర్చుంది. ముత్తమ్మ కూడా వచ్చింది. నేను సువార్తలోని గురుగుల ఉపమానం తీశాను. గోధుమల్లో గురుగులనే కలుపు మొలిస్తే, దాంతో పాటు గోధుమ కూడా ఊడుతుందని, కోత దాకా పీకవద్దంటాడు యజమాని. ఆ పొలం లోకమే గాని సంఘం కాదని ఆధునిక వ్యాఖ్యానం చెబుతుంది. సరైన మాటే, కానీ సంఘంలో ఒకరిని ఉంచాలా వద్దా అన్న మా చిక్కు దాంతో తీరలేదు. మధ్యయుగపు క్రైస్తవ సన్యాసులు వాక్యాన్ని నడుమ రాసి, చుట్టూ పూర్వుల అభిప్రాయాలు పేర్చేవారు, అవి ఒకదానికొకటి పడకపోయినా సరే. నేనూ అలాగే వినిపించాను. ఇవాళ్టి గురుగు కోతనాటికి గోధుమ కావచ్చని ఆ పూర్వుల్లో కొందరన్నారు. గురుగని స్పష్టంగా తేలి, గోధుమకు దెబ్బ తగలదనుకుంటే పీకవచ్చని వాళ్లలోనే ఇంకొకరన్నారు.

యేసురత్నం వెంటనే అందుకున్నాడు. "గదే అయ్యగారూ, నేను జెప్పేది! తేలినంక పీకుడే."

ఆ రెండో అభిప్రాయం దాచి ఉంటే నా పని సులువయ్యేది. దాచనందుకు నాకు గర్వమే. అయితే మీరే అడిగి తేల్చండి అన్నాను.

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు తిన్నవ్ ముత్తమ్మా?"

"నేను మీల కలిసినంక అన్న పిలుసుడే బంద్ జేసిండు. గిన్నేండ్లకు పిలిచిండు. పోకుంటే మల్ల పిలుస్తడా? తిన్న. మొక్కలే."

యేసురత్నం "నాకైతే తేల్తలేదు," అని తన తీర్మానం వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆదివారం ముత్తమ్మ అందరితో పాటు రొట్టె తీసుకుంది.

వాక్యానికి అర్థమేమిటో ఆధునిక వ్యాఖ్యానం నాకు చక్కగా నేర్పింది. ఆ వాక్యం పట్టుకుని ఒక మనిషికి తీర్పు చెప్పే ముందు, ఎదుటివాడి వాదనను కూడా అదే పుటలో ఉంచాలని నేర్పింది మాత్రం ఆ సన్యాసులే. ఈ రెండు చదువులూ లేని గురువు చేతికి సంఘాన్ని అప్పగించకూడదు.