మా గేటు ముందు దశమి

మా వీధిలో స్పీడ్ బ్రేకర్ వేయమని అడిగింది నేనే. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మా మున్సిపల్ ఆఫీసులో ఇప్పటికీ నేను మెట్లెక్కుతుండగానే "అడిగింది మీరే కదండీ" అని మొదలుపెడతారు. అవును, అడిగాను. వీధిలో వేయమన్నాను. నా గేటు ముందు వేయమనలేదు.

కోనసీమలో ఒక పట్నం మాది. పేరు రాయను, రాస్తే ఆ ఆఫీసులో ఒకాయన నొచ్చుకుంటారు, ఆయన నొచ్చుకుంటే ఇంకో ఆరు నెలలు నా అర్జీ కదలదు. నేను ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. రిటైరైన రోజున నాకు కప్పిన శాలువాకు ఇంకొకరి పేరున్న చీటీ పిన్ను పెట్టి ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు గాని, చెప్పకుండా ఉండలేను.

ఇంట్లో ఉండేది మా అక్కా, నేనూ. తుంటి ఎముక విరిగి ఆపరేషనయ్యాక అక్క వాకర్ పట్టుకుని హాల్లోంచి గేటు దాకా నడుస్తుంది. అక్కడితో ఆవిడ శక్తి సరి. గేటు ముందు కారెక్కితే ఆదివారం చర్చి ఉంటుంది, లేకపోతే లేదు. చర్చిలో ఆడవాళ్ళ పాటల బృందానికి ఆవిడే పెద్ద. సోమవారం నుంచి శనివారం దాకా మందులు మింగేది, ఆదివారం పొద్దున్న గొంతు విప్పడానికే. కాబట్టి మా గేటు ఖాళీగా ఉండాలన్నది నా పంతమని వీధిలో అనుకుంటారు గాని, అది మా అక్క పాట.

స్పీడ్ బ్రేకర్ ఎందుకు అడిగానంటే, కాలేజీ వదిలే వేళ మా వీధిలో మోటారు సైకిళ్ళు రాకెట్లలా పోతాయి. అర్జీ మీద అర్జీ పెట్టగా, ఒక ఆదివారం మేము చర్చిలో ఉండగా వచ్చి వేసేశారు. సరిగ్గా నా గేటుకు ఎదురుగా, నా చిన్న కారు పొట్ట గీరుకునేంత ఎత్తున.

"ఇక్కడెవరు వెయ్యమన్నారు?" అని, మేము తిరిగొచ్చేసరికి సామాను సర్దుకుంటున్న మేస్త్రీని అడిగాను.

"ఎవరడిగితే వాళ్ళ గుమ్మం ముందే వేస్తామండి. అదో మర్యాదండి" అన్నాడు.

ఆ మర్యాద వల్ల జరిగింది ఏమిటంటే, అంతవరకూ అక్కడొక గేటు ఉందని ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రతి బండీ అక్కడికొచ్చి నెమ్మదిస్తుంది. నెమ్మదించిన బండిలో వాళ్ళు తలతిప్పుతారు. ఎదురుగా బట్టల షాపు కనిపిస్తుంది. బండి నా గేటుకు అడ్డంగా ఆగిపోతుంది.

ఆ షాపు యజమాని గురించి ఒక మాట. ఆయన షాపు తెరిచిన రోజున వీధిలో ప్రతి ఇంటికీ స్వీటు ప్యాకెట్టు పంపాడు, మా ఇంటికి తప్ప. తలుపు తాళం వేసి ఉందనుకున్నాడట. తాళం లేదు. ఆయన చుట్టాల కారు మా గేటుకు అడ్డంగా ఉంది. దాని వెనక మేము ఉన్నాం.

"అయిదు నిమిషాలండి సిస్టరు గారూ! చీర చూసేసుకుని వెళ్ళిపోతారండి" అనేవాడు, నేను వెళ్ళి అడిగినప్పుడల్లా.

"పెళ్ళి చీర అయిదు నిమిషాల్లో చూసినవాళ్ళని నాకొకళ్ళని చూపించండి."

"మీకెలా తెలుస్తుందిలెండి, మీరు చేసుకోలేదు కదండీ!" అన్నాడు ఒకసారి, నవ్వుతూ. షాపులో ఉన్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఆయన ఆ మాట అన్న సంగతి సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

నా అర్జీల పుణ్యమా అని మున్సిపాలిటీ వారు చివరికి ఒక ఏర్పాటు చేశారు. ఒకరోజు వీధికి తూర్పు వైపు పార్కింగు, మర్నాడు పడమర వైపు. సరి రోజున తూర్పు, బేసి రోజున పడమర. మా ఇల్లు తూర్పు వైపు. అంటే, అంతకు ముందు నా గేటుకు అడ్డం పెట్టడం తప్పు. ఇప్పుడు నెలలో సగం రోజులు అదే రూలు. గేటు ముందైనా వదలండని అడిగితే, ఆఫీసాయన తల గోక్కుని, "చిన్న గేటు కదండీ, కారు గేటనుకోలేదండి" అన్నారు.

వీధి మొదట్లో ఒకటి, మా ఇంటి పక్కన స్తంభానికి ఒకటి, ఆకుపచ్చ బోర్డులు కట్టారు. వాటిని నేను పళ్ళు నూరుకుంటూ ఎన్నోసార్లు చదివాను. పళ్ళు నూరుకుంటూ చదివితే అక్షరాలు సరిగ్గా కనబడవు.

ఒక సరి తేదీ ఆదివారం, అక్క పట్టుచీర కట్టుకుని వాకర్‌తో గేటు దాకా వచ్చి ఆగిపోయింది. గేటుకు ఆనుకుని ఒక పెద్ద కారుంది. నేను ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని పిలుచుకొచ్చాను. అతను రెండు చేతులూ జోడించాడు.

"ఈవేళ మీ వైపేనండి. రూలండి. నన్నేం చెయ్యమంటారండి?"

నేను అతనితో వాదిస్తుంటే, వెనక నుంచి అక్క పిలిచింది. పాపం, చేసే పనేమీ లేక ఆవిడ బోర్డు చదువుతూ నుంచుంది.

"ఏమే, ఇది తేదీ కాదే. తిథి."

అందరం చూశాం. 'సరి తిథులలో తూర్పు వైపు, బేసి తిథులలో పడమర వైపు వాహనములు నిలుపవలెను' అని చక్కగా పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ ఫ్లెక్సీలు వేసేవాడు ఏడాది పొడుగునా వేసేవి పెళ్ళి ఫ్లెక్సీలు, దినాల ఫ్లెక్సీలు. అతని వేళ్ళకు తేదీ అలవాటు తప్పిపోయింది.

"ఈవేళ తిథేవిటి?" అన్నాను కానిస్టేబుల్‌తో.

"ఆదివారం కదండీ" అన్నాడు, అనుమానంగా.

అదే సమయానికి మా వెనక వీధి పంతులుగారు స్కూటర్ మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కుతున్నారు. ఆపాను.

"పంతులుగారూ, ఈవేళ తిథేవిటండి?"

"సప్తమండి. ఏం, మీకేదన్నా ముహూర్తం కావాలాండి?"

"సప్తమి సరా, బేసా?"

ఆయన ముప్ఫై ఏళ్ళ పౌరోహిత్యంలో ఈ ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. "ఏడు కదండీ... బేసేనండి" అన్నారు.

కానిస్టేబుల్ ఆఫీసాయనకు ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున్న ఆయన ఏ స్థితిలో ఉన్నారో గాని, "బోర్డు మీద ఏముంటే అదే చెయ్యవయ్యా, నన్నొదిలెయ్" అన్నారు. ఆ మాట ఫోన్లోంచి మా అందరికీ వినిపించింది. కారు కదిలింది. అక్క చర్చిలో రెండో పాట వేళకు అందుకుంది.

సోమవారం నేనే వెళ్ళి ఆ మాట ఆఫీసాయనకు గుర్తుచేశాను. ఆయన అనలేదనలేకపోయారు. కొత్త బోర్డులకు మంజూరు కావాలట, మంజూరుకు మీటింగు కావాలట. అంతవరకూ మా వీధి తిథి ప్రకారం నడిచింది. దేశంలో ఇంకెక్కడైనా నడిచిందేమో నాకు తెలియదు.

తిథితో చిక్కేమిటంటే, అది అర్ధరాత్రి మారదు. దానికి ఎప్పుడు తోస్తే అప్పుడు మారుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ చవితి పోయి పంచమి వచ్చేది. కానిస్టేబుల్ ఈల వేసి "పంచమొచ్చేసిందండీ! అటెట్టండి, అటెట్టండి!" అని అరిచేవాడు. అన్నం చేత్తో జనం పరిగెత్తుకొచ్చి బండ్లు పడమరకు మార్చేవారు. కొబ్బరి దింపించుకుని కాయల వ్యానుతో వచ్చిన ఒకాయన, తనది ముమ్మిడివరమనీ తమ ఊళ్ళో ఇంకా చవితేననీ వాదించాడు. బట్టల షాపు వారు గల్లాపెట్టె పక్కన పంచాంగం పెట్టుకున్నారు.

అమావాస్య వెళ్ళిన మర్నాడు కానిస్టేబుల్ పంతులుగారిని రోడ్డు మీద పట్టుకున్నాడు.

"నిన్న పదిహేను, ఈవేళ పాడ్యమి ఒకటి. వరసగా రెండు బేసులెలా వస్తాయండి? నన్నందరూ తిడుతున్నారండి."

"చంద్రుణ్ణడగవయ్యా" అన్నారు పంతులుగారు. ఆయన అప్పటికే ఫోన్లతో విసిగిపోయి ఉన్నారు.

నేను తిథులున్న గోడ కాలెండరు ఒకటి కొని, మా చర్చి కాలెండరు పక్కనే తగిలించాను. అక్క మంచం మీద నుంచి అది చూసి మురిసిపోయేది. "పాస్టరు గారితో చెప్పనా, మా చెల్లి పంచాంగం చూడందే గడప దాటటం లేదని?"

"నీ కోసమే చూస్తున్నాను."

"అదీ చెబుతానులే."

ఇంతలో మా చర్చిలో కోతపండుగ వచ్చింది. ఆ రోజు అందరూ తమ పంటలో మొదటి గెలలు, కాయలు, బియ్యం, కోళ్ళు తెచ్చి అర్పిస్తారు; ఆరాధనయ్యాక వాటిని వేలం పాడతారు. ఆ ఆదివారం అక్క ఒక్కతే పాడాలి. ఆపరేషనయ్యాక అలా పాడటం అదే మొదలు. నెలరోజులుగా సాధన చేస్తోంది. తేదీ సరి, తిథి నవమి. పంతులుగారిని అడిగాను.

"ఒంటిగంట దాకా నవమండి. తర్వాత దశమి. ఈలోపు ఇంటికొచ్చేయండి సిస్టరు గారూ" అన్నారు.

అక్క పాడింది. దాని గురించి నేను రాయను. నాకు తప్పులు వెతకడం వచ్చినంతగా మెచ్చుకోవడం రాదు. నా పక్క వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది, అది మాత్రం చూశాను. ఇక బయల్దేరుదామంటే అక్క కదలదు. వేలంలోకి ఒక నల్లకోడిపెట్ట వచ్చింది. అక్కకు దాని మీద మనసు పడింది. ఎదురు పాడుతున్నది పాటల బృందంలోనే రెండో గొంతావిడ. ఆవిడకు వదిలేది లేదని అక్క పట్టుబట్టింది.

నేను కొంగు లాగాను. "అక్కా, నవమి అయిపోతోంది."

"చర్చిలో ఆ మాటలేవిటే?" అంది అక్క, అందరికీ వినపడేలా. పాస్టరు గారి భార్య వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు నేను దాచుకున్నాను.

కోడిపెట్ట మాదైంది. మేము వీధిలోకి తిరిగేసరికి దశమి వచ్చేసింది.

నాకు తట్టని సంగతి ఒకటుంది. నవమి నాడు ఎవరూ పెళ్ళిబట్టలు కొనరు. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి బయల్దేరినవాళ్ళంతా దశమి ఎప్పుడొస్తుందా అని వీధి చివర కాచుకుని ఉన్నారు. రాగానే తూర్పు వైపంతా నింపేశారు. నా గేటు ముందు ఏడుగురు ఎక్కే పెద్ద బండి ఉంది. అందులోని ఏడుగురూ చీరలు చూస్తున్నారు.

"దశమండి సిస్టరు గారూ. పది కదండీ. సరి తిథండి" అన్నాడు కానిస్టేబుల్, చాలా వినయంగా. ఆ వినయం నాకు తెలుసు. మా గోదావరి వాళ్ళ వినయమంతా వెటకారానికి వేసిన ఇస్త్రీ.

ఆ రూలు నేను తెచ్చిందే. నా కారు నడిరోడ్డు మీద, వెనక ఆటోలు హారన్లు మోగిస్తున్నాయి. అక్క ఒళ్ళో కోడిపెట్ట.

"కాలు బిగుసుకుపోతోందే. ఇంకాసేపు కూర్చుంటే లేవలేను" అంది అక్క. ఆవిడ నొప్పి అని చెప్పదు. బిగుసుకుపోతోందంటే చాలా నొప్పి అని.

షాపు యజమాని మెట్లు దిగి వస్తున్నాడు. ఒక్క మాటంటే నాలుగనడానికి నేను కారు దిగి సిద్ధంగా నుంచున్నాను. అతను నన్ను దాటి వెళ్ళి కారు కిటికీ దగ్గర వంగాడు.

"అమ్మగారూ, కుర్చీ తెప్పించమంటారాండి?"

లోపల పెళ్ళికూతుళ్ళను కూర్చోబెట్టి చీర మీద వేసి చూపించే ఎర్ర మఖమలు కుర్చీ ఒకటుంది. దాన్ని తెచ్చారు. అక్కను నేనూ ఒక సేల్స్ అమ్మాయీ దింపి అందులో కూర్చోబెట్టాం. నలుగురు సేల్స్‌మెన్ కుర్చీకి తలో కాలూ పట్టుకుని లేపారు. బండికీ బండికీ సందు లేదు కాబట్టి, బానెట్ల పైనుంచి ఎత్తి పట్టుకుని నడిచారు.

"మామ్మగారూ, కోడిని గట్టిగా పట్టుకోండి!" అన్నాడొకడు.

"నువ్వు నన్ను గట్టిగా పట్టుకోరా నాయనా. కోడికి రెక్కలున్నాయి" అంది అక్క.

పెళ్ళివారు చీరలు వదిలేసి బయటికొచ్చి ఫోన్లలో వీడియోలు తీశారు. అక్క వాళ్ళకు చెయ్యూపింది. వరండాలో దిగాక షాపు యజమానిని దగ్గరకు పిలిచి, "బాబూ, నీది మంచి మనసు. నువ్వు స్వీట్లు పంపలేదని మా చెల్లి అనవసరంగా ఇన్నాళ్ళూ..." అంది.

"ఏ స్వీట్లండి?" అన్నాడతను.

నిజంగానే గుర్తులేదు. అన్నేళ్ళుగా నేను ఒక్కదాన్నే మోస్తున్నానన్నమాట.

తర్వాతి నెలలో కొత్త బోర్డులు వచ్చాయి. తేదీ అనే ఉంది. పంతులుగారు కుదుటపడ్డారు. సరి తేదీ ఆదివారాలు మళ్ళీ నా గేటు మూత. నేను శనివారమే కారు తీసి వీధి చివర పెట్టుకుంటాను. పొద్దున్నే షాపు ఊడవడానికి వచ్చిన నలుగురూ ఎర్ర కుర్చీతో వస్తారు. ఆ ఏర్పాటు అక్కా, షాపు యజమానీ నన్నడక్కుండా చేసుకున్నారు.

నేను ఊరుకోలేదు. ఎన్నిసార్లు తిరిగానో, చివరికి మా గేటు ముందు పసుపు గీతల పెట్టె గీసి, ఏ తేదీనైనా బండి పెట్టకూడదని రాయడానికి ఆఫీసాయన ఒప్పుకున్నారు. ఇంటి యజమాని సంతకం ఉంటే చాలన్నారు. నాన్న ఇల్లు అక్క పేరున రాశారు. అది వేరే కథ, అదీ నేను మర్చిపోలేదు. అర్జీ ఆవిడ చేతికిచ్చి పెన్ను మూత తీశాను.

అక్క రెండుసార్లు చదివి, మడిచి, తలగడ కింద పెట్టుకుంది.

"గేటు ఖాళీ చేయించేస్తే నన్నెవరు మోస్తారే?" అంది.

నెలలు గడిచాయి, సంతకం లేదు. సరి తేదీ ఆదివారం అక్క కుర్చీలో ముందు వెళ్తుంది, దారిలో రెండు మూడు బాల్కనీల వాళ్ళు నమస్కారం పెడతారు. వెనక నేను వాకర్ మోసుకుంటూ నడుస్తాను.