కుప్పమ్మ మూర

తిరుపతిలో ఒక పెద్దాసుపత్రివాళ్లు పక్షవాతం వచ్చినవాళ్ల చేతుల మీద పరిశోధన చేశారు. అందులో మా కుప్పమ్మ చెయ్యి ఉంది. పేరు మాత్రం లేదు. అలాంటివాటిలో పేర్లు రాయరట, నంబరు వేస్తారట. ఆ సంగతి చెప్పగానే కుప్పమ్మ సంతకం మధ్యలో ఆపేసి పెన్ను కింద పెట్టింది. "సెయ్యి నాది, నొప్పి నాది, పేరు మాత్రం ఎవురిదీ కాదా?" అని అక్కడున్న అందరితోనూ దెబ్బలాడి, ఆ తర్వాతే సంతకం పూర్తి చేసింది. అందుకే పేరు పెట్టి నేను రాస్తున్నాను. పూతలపట్టు కూడలిలో ఆమె పూలబల్ల పక్కనే నాకు జెరాక్సు అంగడి ఉంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "జెరాక్సప్పా" అంటుంది. కాబట్టి నా పేరు ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

ముందు మూర గురించి చెప్పాలి. మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఉన్న పొడవు ఒక మూర. పూలమ్మేవాళ్ల చెయ్యే వాళ్ల కొలబద్ద. కుప్పమ్మ దండ ఒక కొసను ఎడమ మోచేతికి ఆనించి, కుడి చేత్తో రెండో కొసను ఎడమ వేళ్ల మీదికి లాగుతుంది. సరిగ్గా ఆ లాగేటప్పుడు ఆ ఎడమ వేళ్లు లోపలికి వంగుతాయి. ఎంత వంగుతాయంటే, చూసేవాళ్లకు పూలు జారకుండా పట్టుకుంటోంది కాబోలు అనిపించేంత. కూడలిలో బస్సు మారే జనం ఆ వంపును గమనించరు. గమనించినా, బస్సు వదులుకుని పోట్లాడరు. ఆ విద్యలో కుప్పమ్మను మించినవాళ్లు చిత్తూరు నుంచి కాణిపాకం దాకా లేరని నా అభిప్రాయం.

గమనించేది ఒక్కతే, చంద్రకాంతమ్మ. వెనక వీధిలో జాకెట్లు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆమెను నేను చూడలేదు. కొలత తగ్గితే ఆమెకు ఒళ్లు మండుతుంది. ప్రతి శుక్రవారం దేవుడి పటానికి ఒక మూర, తలకు ఒక మూర కొనుక్కునేది.

"వేలు సాపు మే!"

"సాపినాను గదా. కండ్లకు అద్దాలు ఎయ్యించుకో."

"నా కండ్లు బాగానే ఉండాయి. నీ బుద్దే వంకర."

"నచ్చకుంటే పుత్తూరుకు పోయి కొనుక్కో పో."

ఈ తంతు అయితేగాని ఇద్దరికీ శుక్రవారం గడిచేది కాదు. నా అంగడికి వచ్చినవాళ్లు ఆధార్ కార్డు అక్కడే మర్చిపోయి ఆ గొడవ చూస్తూ నిలబడేవాళ్లు.

పోయిన ఏడాది ఒక శుక్రవారం గొడవ మాంచి ఊపులో ఉండగా కుప్పమ్మ నోరు ఒక పక్కకు లాగింది. మాట ముద్దముద్దగా వచ్చింది. చంద్రకాంతమ్మ మండిపడింది. "నన్నే ఎక్కిరిస్తావా?" అని బల్ల మీదికి వంగింది. అంతలో కుప్పమ్మ ఎడమ చేతిలోని కనకాంబరాల దండ జారి కింద పడింది. కుప్పమ్మకు అది జారిన సంగతే తెలియలేదు. ఇంకా కొలుస్తూనే ఉంది, ఉత్త గాలిని. చంద్రకాంతమ్మ మొహం పాలిపోయింది. "జెరాక్సప్పా, ఫోన్ కొట్టు!" అని అరిచింది. అంబులెన్సులో పక్కన కూర్చుని తిరుపతి దాకా పోయింది కూడా ఆమే. వేళకు తీసుకొచ్చారు కాబట్టి బతికిందని డాక్టర్లు చెప్పారు.

మాట తిరిగొచ్చింది. కాలు కొంచెం ఈడ్చినా నడక వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం పిడికిలి బిగించి కూర్చుంది. కుప్పమ్మ బీపీ మాత్రలు మింగకుండా బియ్యం డబ్బాలో దాచిందని తర్వాత బయటపడింది. డాక్టర్లు దాన్నే తప్పుపట్టారు. చంద్రకాంతమ్మ వినలేదు. "నా నోరే తగిలిందప్పా ఆయమ్మికి" అని నాతో అని కళ్లొత్తుకుంది.

ఆ తర్వాతి శుక్రవారాలు చూడలేకపోయాను. కుప్పమ్మ మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. ముడుచుకున్న పిడికిలి దాకానే కొలిచి ఇచ్చేది. మూరలో పావు వంతు ఎగిరిపోయింది. ఒక్కరూ నోరెత్తలేదు. "పాపం" అనేవాళ్లు, తీసుకుని పోయేవాళ్లు. చంద్రకాంతమ్మ కూడా తలొంచుకుని ఇచ్చినంత పుచ్చుకుని వెళ్లిపోయేది. ఇన్నాళ్లూ తెలివితో కొట్టేసిన పూలను జనం ఇప్పుడు బిచ్చం వేస్తున్నారు. ఆ తేడా కుప్పమ్మకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"తిట్టకుండా పోతాంటే నా పాడె ముందర నడిచినట్లుండాది జెరాక్సప్పా" అంది ఒక రోజు. ఆమె ఏడవడం నేను అప్పుడే చూశాను. చేతకాక, ఎదురుగా ఉన్న కాగితాలన్నీ రెండోసారి జెరాక్సు తీశాను.

పైగా ఆమె ఇక పూలు కట్టలేకపోయింది. పూలు కట్టడానికి రెండు చేతులూ కావాలి. మొగుడు గోవిందస్వామి కట్టిన దండలే కొనుక్కొచ్చి, కొలవడానికి తానే పూనుకున్నాడు. ఆయన తాడిచెట్టంత మనిషి. చెయ్యి చాపితే మూర మూరన్నర అవుతుంది. వేళ్లు వంచాలనే ఆలోచన ఆ అమాయకుడికి ఏడు జన్మలెత్తినా రాదు. బల్ల చుట్టూ జనం మూగారు. కాణిపాకం పోయేవాళ్లు ఫలానా పొడుగాయన దగ్గరే కొనాలని చెప్పుకున్నారు. కుప్పమ్మ ఆ మూరలన్నీ పోతుండగా స్టూలు మీద కూర్చుని చూసింది. చెయ్యి ఎలాగైనా తిరిగి తెచ్చుకోవాలన్న పట్టుదల ఆమెకు ఆ స్టూలు మీదే కలిగిందని నా నమ్మకం.

ఆసుపత్రిలో పరిశోధన చేస్తున్న ఫిజియోథెరపిస్టు పేరు పవిత్ర. తడ వైపు పిల్ల, ఓపిక మెండు. వేళ్లలో కాస్తయినా కదలిక మిగిలినవాళ్లను చేర్చుకుని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు కసరత్తు. రెండో గుంపుకు బాగున్న చేతికి లావుపాటి తొడుగు వేసి కట్టేస్తారు. మెలకువగా ఉన్నంతసేపూ పనులన్నీ బాగాలేని చేత్తోనే చెయ్యాలి. ఎవరు ఏ గుంపో మూసిన కవరు తెరిచి తేలుస్తారు. కుప్పమ్మకు తొడుగు వచ్చింది.

"బాగున్న చెయ్యి అన్నీ చేసిపెడుతుంటే, రెండోది ఇక నాతో పనిలేదులే అని ఊరుకుంటుందమ్మా. అందుకే దీన్ని కట్టేస్తాం" అని పవిత్ర చెప్పింది.

"మా ఇంటాయన కత గూడా ఇదే గదమ్మా" అంది కుప్పమ్మ. "నన్ను కట్టేసినాంక గదా ఆయప్ప కదిలింది."

సిద్ధాంతం ఆమెకు వెంటనే అర్థమైంది. చిక్కంతా ఆ చెయ్యి ఎడమది కావడంలో వచ్చింది. "పొద్దున ఆ పనికి వాడే సేత్తోనే మద్దేనం పప్పన్నమా?" అని అడిగింది. పవిత్ర నవ్వాపుకుని, చెంచాతో తినమంది. స్నానానికీ ఆ పనికీ తొడుగు తీయొచ్చంది. కానీ బల్ల దగ్గరో? గోవిందస్వామి కొలిచిన దండను ఆమె ఆ చేత్తోనే అందించాలి. ఎడమ చేత్తో ఇస్తే మనిషిని అవమానించినట్టే, దేవుడి పూలయితే చెప్పనే అక్కర్లేదు. జనం చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కొందరు పూలు వదిలేసి బస్సెక్కేశారు.

కుప్పమ్మ రెండు రోజులు కుంగిపోయింది. మూడో రోజుకు అందులోని సుఖం కనిపెట్టింది. చిల్లర ఇవ్వడానికి ఎప్పుడూ ఏడిచే కండక్టరుకు ఎడమ చేత్తో దండ అందించి, "డాక్టరమ్మ సెప్పిందబ్బా, నేనేం సేసేది" అంది వినయంగా. వడ్డీలకు తిప్పే పెద్దమనిషికీ అంతే. ఊళ్లో తనకు గిట్టనివాళ్లందరికీ వైద్యుల అనుమతితో ఎడమ చెయ్యి చూపించే భాగ్యం ఎందరికి దక్కుతుంది? ఇచ్చిన ప్రతిసారీ ఆ వేళ్లు పువ్వును వదలడానికి ఒకటికి రెండుసార్లు వణికేవి. ఇంటి దగ్గర పవిత్ర చెప్పినవన్నీ చేసేది. చిక్కుడుకాయలు గిల్లేది, గిన్నెలు బోర్లించేది, తువ్వాలు పిండేది. నొప్పికి బండబూతులు తిట్టేది. గోవిందస్వామి సాయం చెయ్యబోతే ఆ బూతులు ఆయనకు మళ్లేవి.

దేవుడి పూలు ఎడమ చేతి నుంచి ముందుగా అందుకున్నది చంద్రకాంతమ్మ. రెండు చేతులూ చాపి పుచ్చుకుంది. అప్పుడు కూడా తిట్టలేదు. కుప్పమ్మ మొహం ఇంకా మాడిపోయింది.

ఆఖరి పరీక్ష రోజు గోవిందస్వామికి బల్ల అప్పగించి కుప్పమ్మ, చంద్రకాంతమ్మ బస్సెక్కారు. నాకు తిరుపతిలో మిషను సామాను కొనే పని ఉండి నేనూ ఎక్కాను. పరీక్ష చేసేది కృష్ణమూర్తి సారు. కుప్పమ్మది ఏ గుంపో ఆయనకు తెలియకూడదు. తెలిస్తే మార్కులు పక్షపాతంగా పడతాయట. కాబట్టి నోరు విప్పొద్దని పవిత్ర మా ముగ్గురికీ మరీమరీ చెప్పింది. చంద్రకాంతమ్మ ఆసుపత్రి గేటు దగ్గరే పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొదటి రోజే ప్రతి మనిషినీ సొంత పని ఒకటి ఎంచుకోమన్నారు. కుప్పమ్మ ఎంచుకున్నది మూర కొలవడం. అప్పుడు పిడికిలి తెరుచుకోలేదు, అది వీడియోలో ఉంది. ఇప్పుడు మళ్లీ అదే పని. కృష్ణమూర్తి సారు మల్లెదండ ఇచ్చి, కెమెరా పెట్టి, "కానివ్వమ్మా" అన్నారు.

కుప్పమ్మ దండను మోచేతికి ఆనించింది. ఎడమ చెయ్యి చాపింది. పిడికిలి విడింది, అరచెయ్యి తెరుచుకుంది. కుడి చేత్తో దండ లాగింది. లాగేసరికి ఎడమ వేళ్లు వంగాయి.

కృష్ణమూర్తి సారు కళ్లజోడు సవరించుకున్నారు. "అరచెయ్యి బాగుంది. వేళ్లు మాత్రం చివర్లో సాగడం లేదు" అంటూ తక్కువ మార్కు వెయ్యబోయారు. పవిత్ర మొహం వాడిపోయింది. పాపం ఆ పిల్ల పడ్డ శ్రమంతా ఆ వంపులో కొట్టుకుపోతోంది. కుప్పమ్మకైతే తన వేళ్లు వంగాయన్న స్పృహే లేదు. పూలు తగిలితే ఆ వేళ్లు చేసే పని అదే.

చంద్రకాంతమ్మ నోటికున్న కొంగు ఊడింది.

"సాగకపోవడమేంది సార్! అది జబ్బు కాదు, దొంగతనం! ముప్పై ఏండ్ల నుంచి సూస్తా ఉండా, ఇది పుట్టుదొంగ! వేలు సాపు మే!"

కెమెరా తిరుగుతూనే ఉంది. వేళ్లు చాపితే ఇన్నేళ్ల దొంగతనం ఒప్పుకున్నట్టు, అదీ చంద్రకాంతమ్మ ముందు. చాపకపోతే ఆ చెయ్యి బాగుపడనట్టు. కుప్పమ్మ మాత్రం ఆ లెక్కలేవీ వెయ్యలేదు. చంద్రకాంతమ్మ వైపే చూస్తోంది. కళ్లనిండా నీళ్లు.

"ఎన్నాళ్లయింది మే, నువ్వు నన్ను తిట్టి" అంది.

కృష్ణమూర్తి సారుకు ఏమీ అర్థం కాలేదు. "ఇంకోసారి చెయ్యొచ్చమ్మా" అన్నారు. కుప్పమ్మ మళ్లీ కొలిచింది. వేళ్లు వణుకుతూ ఒక్కొక్కటే నిలబడ్డాయి, చిటికెనవేలు అన్నిటికన్నా ఆలస్యంగా. దండ నడివేలి కొస దాకా వచ్చి ఆగింది. కుప్పమ్మ జీవితంలో కొలిచిన మొదటి నిండు మూర అది. చంద్రకాంతమ్మ మెడలో టేపు తీసి దాని పక్కన పెట్టి చూసింది. తర్వాత ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, "దొంగదానా, దొంగదానా" అంటూ ఏడ్చింది. గుంపు సంగతి బయటపెట్టలేదు కాబట్టి నియమం తప్పలేదని పవిత్ర తేల్చింది.

తర్వాతి శుక్రవారం గోవిందస్వామిని ఇంటికి తరిమేసి కుప్పమ్మే బల్ల దగ్గర కూర్చుంది. చంద్రకాంతమ్మ వచ్చి రెండు మూరలు అడిగింది. కుప్పమ్మ ఎడమ చెయ్యి చాపింది, దండ లాగింది. వేళ్లు వంగాయి. మళ్లీ పక్షవాతమేమోనని భయపడి నేను అంగట్లోంచి లేచాను. చంద్రకాంతమ్మ కూడా గబుక్కున కుప్పమ్మ నోటి వంక చూసింది. నోరు తిన్నగానే ఉంది. నవ్వు ఆపుకుంటోంది.

"వేలు సాపు మే!"

"సాపినాను గదా. కండ్లకు అద్దాలు ఎయ్యించుకో."

చంద్రకాంతమ్మ ఆ పొట్టి దండను అక్కడే తలలో పెట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, తిట్టుకుంటూ రోడ్డు దాటింది.