నీలం నగర్‌లో రికార్డు చేసిన నిశ్శబ్దం

పద్దెనిమిదేళ్ళు డెస్క్‌లో కూర్చుని ఇతరులు రాసిన వార్తలు దిద్దాను. పోయిన సంవత్సరం మా పత్రికలో వార్తలను చదివించడమే కాదు, వినిపించాలని కూడా నిర్ణయించారు. "ఆ విభాగంలోకి వస్తారా, లేకపోతే..." అంటూ మా ఎడిటర్ గారు వాక్యం పూర్తి చేయకుండానే ఫోను అందుకున్నారు. పూర్తి చేయని ఆ వాక్యం నాకు బాగానే అర్థమైంది. వారం తిరక్కుండానే పనిచేస్తున్న పాత్రికేయుల కోసం సోలాపూర్‌లో పెట్టిన మూడు రోజుల ఆడియో శిక్షణకు దరఖాస్తు పంపాను. ఫీజు లేదు. బస, భోజనం వాళ్ళదే, దారి ఖర్చులు మనవి. ఐదేళ్ళ అనుభవం, సంపాదకుడి ఉత్తరం ఉంటే చాలు. తెలుగు, మరాఠీ రెండూ నడుస్తాయని రాశారు. వెళ్ళదలచినవారికి ఒక మాట: మంచి హెడ్‌ఫోన్లు మీవే తీసుకెళ్ళండి. అక్కడ ఇచ్చేవి చెవులను నొక్కేస్తాయి.

ఆదివారం ఉదయం ఆరున్నరకు హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సెక్కాను. జహీరాబాద్‌లో ఇడ్లీ, ఉమర్గాలో భోజనం. ఉమర్గా దాటాక నా పక్క సీట్లోకి ఒక నడివయసు ఆవిడ వచ్చింది. పుట్టిల్లు జనగామ వైపట, కాపురం సోలాపూర్‌లో. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు.

"సాంచెల గల్లీలకేనా పోతున్నవు? అయితె నీకు తెలుగుకు కరువు లేదు. కానీ నిద్రకు కరువే," అంది.

"చప్పుడుకా?" అన్నాను.

"చప్పుడుకు కాదు. చప్పుడు ఆగితె. నడిజాము కరెంట్ పోయి సాంచెలు బంద్ అయితె గల్లీ అంత దిగ్గున లేస్తది."

రెండు గంటలకు నల్దుర్గ్ కోట గోడ కనిపించింది. మూడు దాటాక సోలాపూర్. స్టాండ్ బయట ఆటో మాట్లాడుకుని అక్కల్‌కోట్ రోడ్డులోని శిక్షణ కేంద్రానికి చేరాను. పై అంతస్తులో గది, కింద తరగతి. రాత్రి భోజనంలో జొన్నరొట్టె, వేరుశనగ పొడి. ఆ పొడి డబ్బా ఒకటి ఇంటికి కూడా కొనుక్కున్నాను.

సోమవారం తొమ్మిదిన్నరకు తరగతి మొదలైంది. పన్నెండు మందిమి. శిక్షకుడు కులకర్ణి గారు రేడియోలో పనిచేసి రిటైరయిన మనిషి. చాలా మెల్లగా మాట్లాడతారు, వినడానికి మనమే ముందుకు వంగాలి. అందరికీ అరచేతిలో పట్టే రికార్డర్లు ఇచ్చారు. వాటి తలపై రెండు మైకులు: ఒకటి ఎడమ వైపు శబ్దం పట్టుకుంటుంది, మరొకటి కుడి వైపుది. మధ్యాహ్నం ఆయన చెప్పిన పాఠం ఇది: "ఖాళీగా ఉన్నా ప్రతి గదికీ ఒక చప్పుడుంటుంది. ఇంటర్వ్యూ అయ్యాక అందరినీ మాట్లాడవద్దని చెప్పి ఒక నిమిషం ఆ గదినే రికార్డు చేయండి. దాన్ని రూమ్ టోన్ అంటాం. కోసిన మాటల అతుకుల కింద అది పరుస్తాం. లేకపోతే అతుకు దగ్గర శబ్దం చచ్చిపోయినట్టు ఉంటుంది."

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

మంగళవారం బయటికి వెళ్ళి రికార్డు చేసే పని. నాకు జోడీగా రేణుక దొరికింది. స్థానిక మరాఠీ సాయంకాల పత్రికలో రిపోర్టరు, పుట్టింది నీలం నగర్‌లోనే. ఎనిమిదిన్నరకు సిటీ బస్సులో కుంఠా నాకా వెళ్ళి, అక్కడ సాంచెల చప్పుడు పది నిమిషాలు పట్టుకున్నాం. కాలి కింద నేల కూడా అదురుతోంది. అక్కడి నుంచి ఆటోలో నీలం నగర్ చేరేసరికి పది. రేణుక ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అగ బాయీ! అక్కా, ఇయ్యాల లైన్ రిపేర్. పన్నెండు దాంక ఈ పక్క కరెంట్ బంద్. ఆవాజే లేదు!"

నిజమే. వీధి పొడవునా షెడ్లు తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల మగ్గాలు ఉన్నాయి, మనుషులు ఉన్నారు. శబ్దం మాత్రం లేదు. గడపల్లో చేటలు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చునే గట్టిగా అరుచుకుంటున్నారు. ఏళ్ళ తరబడి చప్పుడు మీదుగా మాట్లాడి, అది పోయినా గొంతు తగ్గించడం వాళ్ళకు రాలేదు. ఆ అరుపులు చప్పుడు లేని వీధిలో గోడలకు తగిలి తిరిగి వస్తున్నాయి.

మేము ఇంటర్వ్యూ చేయాల్సిన నర్సయ్య గారి కార్ఖానా వీధి చివర, ఆ అరుపులు అందనంత దూరంలో ఉంది. నాలుగు సాంచెలు, తువ్వాళ్ళు నేస్తారు. ఆయనకు డెబ్బై దాటాయి, చెవులు దాదాపు పోయాయి. కోడలు కవిత ప్రశ్నలను చేతులతో, పెదవులతో ఆయనకు అందిస్తే జవాబులు చెప్పారు. భార్య ఏడాది కిందట పోయిందని చెప్పి, ఆమె గోడ పక్క ఏ గుంజకు ఆనుకుని నూలు కండెలు చుట్టేదో చూపించారు. ఇంటర్వ్యూ అయ్యాక, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడవద్దని చెప్పాను. రేణుక, కవిత, నర్సయ్య, నేను. నలుగురం కదలకుండా నిలబడ్డాం. గోడ దగ్గర నూలు బస్తాలు, పైన రేకులు. నా గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరిగింది. నా చెవులకు ఏమీ వినపడలేదు.

మూడు గంటలకు తరగతిలో మా వంతు వచ్చింది. కులకర్ణి గారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని మా నిశ్శబ్దం వింటున్నారు. ముప్పై సెకన్లు దాటాక కళ్ళు తెరిచారు.

"మాట్లాడవద్దని చెప్పలేదా?"

"ఎవరూ మాట్లాడలేదు సర్."

"మరి ఈవిడెవరు?"

నేను పెట్టుకుని విన్నాను. దూరంగా, బావి అడుగు నుంచి వచ్చినట్టు, ఒక ఆడ గొంతు. "ఉన్న." మళ్ళీ కొంత ఖాళీ. తర్వాత "ఈడనే ఉన్న." అదొక ప్రశ్నకు జవాబులా ఉంది. ఎదుటి మనిషి అడిగే వరకు ఆగి, అడిగాక చెబుతున్నట్టు ఉంది. ఆ ఖాళీల్లో అడిగేవాళ్ళు మాత్రం లేరు.

రేణుక విని హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టేసింది. "నేను కాదక్కా. దేవుని మీద ఒట్టు."

"ఒట్లు వద్దు," అన్నారు కులకర్ణి గారు మెల్లగా. "వెళ్ళి ఎవరిదో కనుక్కోండి. పేరు లేని గొంతును మనం వాడం."

నాలుగున్నరకు మళ్ళీ నీలం నగర్‌లో దిగాం. అప్పటికి కరెంటు వచ్చి వీధంతా హోరెత్తిపోతోంది. కవిత వెనక గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నిమిషం పూర్తికాకుండానే వాటిని తీసేసింది.

"మా అత్తది," అంది. "మా అత్తనే. గట్లనే అంటుండె."

నర్సయ్య గారు లోపలికి వచ్చారు. కోడలు ఏడుస్తుంటే చూసి హెడ్‌ఫోన్లు తీసుకుని చెవులకు గట్టిగా అదుముకున్నారు. ఆయనకేం వినపడలేదు. "ఏమంటున్నదే? ఏమంటున్నది?" అని అడుగుతూనే ఉన్నారు. రేణుక ఆయన ఎదురుగా నిలబడి పెదవులు కనబడేలా చెప్పింది: "ఉన్న అంటున్నది కాకా. ఈడనే ఉన్న అంటున్నది."

ఆయన మంచం మీద కూర్చున్నారు. "నేను సాంచె కాడికెళ్ళి ఉన్నవా అని కేకేద్దును. ఆమె ఉన్న అనేది. రోజుకు పదిమాట్లు." తర్వాత కోడలితో, "దీపం పెట్టు," అన్నారు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన నేను కూడా నమ్మాను. పరుగున బయటికి పోయి ఆటో ఎక్కాలనిపించింది. అయితే నర్సయ్య గారు తీసి ఇచ్చిన హెడ్‌ఫోన్లు నా చేతిలో ఉన్నాయి. ఇంకొకసారి పెట్టుకున్నాను. అప్పుడు గమనించాను. గొంతు నా ఎడమ చెవిలో మాత్రమే వస్తోంది. కుడి చెవిలో ఏమీ లేదు.

కవితను వెంటబెట్టుకుని కార్ఖానాలోకి వెళ్ళి, ఉదయం నిలబడ్డ చోటే నిలబడి, రికార్డర్ అలాగే పట్టుకున్నాను. ఎడమ వైపు నూలు బస్తాలు. వాటి వెనక గోడ.

"గోడకు అవతల ఎవరుంటారు?" అని కవిత చెవిలో అరిచాను.

"లచ్చవ్వ. బీడీలు చేస్తది, ఒక్కతే. నిన్న పొద్దున బిడ్డ దగ్గరికి భివండి పోయింది. తాళమేసి ఉన్నది సూడు."

వెళ్ళి చూశాం. ముందు తలుపుకు బయట నుంచి తాళం ఉంది. మేము తట్టినా లోపల అలికిడి లేదు. రేణుక సందులోంచి ఇంటి వెనక్కి వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగి వచ్చి, కళ్ళు పెద్దవి చేసుకుని నా చేయి పట్టుకుంది.

"అక్కా, ఎనక తలుపు లోపలికెళ్ళి గడియ పెట్టి ఉన్నది. ముందల బయట తాళం, ఎనక లోపల గడియ. మరి ముసలిది ఎట్ల పోయింది?"

కవిత చప్పున మామగారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన సాంచెలు నాలుగూ ఆపించి, ఇనుప కడ్డీ పట్టుకుని వచ్చారు. వెనక తలుపు గడియ మూడో దెబ్బకు ఊడింది. లోపల చీకటి, పొగాకు వాసన. నీళ్ళ బిందెల పక్కన లచ్చవ్వ పడి ఉంది. ఒక చేయి కార్ఖానా వైపు గోడ మీదే ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి కానీ మాట లేదు. కవిత కొంగు నీళ్ళలో ముంచి పెదవులు తడిపింది. మేము ఫోను చేసిన అంబులెన్సు వచ్చేదాకా నర్సయ్య గారు ఆ చేతిని వదల్లేదు.

బుధవారం ఉదయం పది గంటలకు దవాఖానకు వెళ్ళాం. తుంటి ఎముక విరిగిందన్నారు. ఆపరేషన్ చేస్తారట, ప్రాణానికి భయం లేదట. సోమవారం పొద్దున ఆమె ముందు తలుపుకు తాళం వేసుకుని బయలుదేరింది. బీపీ గోలీలు మరచిపోయానని గుర్తొచ్చి, వెనక తలుపు తాళం తీసి లోపలికి వచ్చింది. అలవాటు కొద్దీ గడియ పెట్టింది. తడి మీద కాలు జారింది.

"నిన్నంత ఒర్లిన బిడ్డా," అంది నాతో. నిన్న అన్నా ఆమె లెక్కలో సోమవారమే. "సాంచెల మోతల ఎవలకు ఇనపడ్తది? నోరు ఎండి ఊకున్న. ఎనుకకు అంత సప్పుడు బంద్ అయింది. ఇగ నేను సచ్చిన అనుకున్న. సచ్చినంక గిట్లనే ఉంటదేమో అనుకున్న. గప్పుడు పిలిచిన్రు."

"ఎవరు?"

"మొగ గొంతు. గోడ అవుతలికెళ్ళి. ఉన్నవా, ఉన్నవా అని. అందుకే పలికిన. లేకపోతె పలకకపోదును."

మంచానికి అవతల నర్సయ్య గారు నిలబడి ఉన్నారు. కవిత ఆయనకు పెదవులతో చెప్పింది. ఆయన చాలాసేపు తల అడ్డంగా ఊపారు. "నేను పిలువలే. వీళ్ళు మాట్లాడొద్దన్నరు. నేను నోరు తెరువలే."

ఆయన ఆ నిమిషమంతా నా ఎదురుగానే ఉన్నారు. పెదవులు కదలలేదు. అది నేను చూశాను.

తరగతిలో కులకర్ణి గారు, నేను ఆ నిమిషాన్ని ఐదుసార్లు విన్నాం. శబ్దం పెంచి విన్నాం, కంప్యూటర్లో గీతలుగా చూశాం. రెండు చోట్ల ఆమె గొంతు ఉంది. మిగతా అంతా గది. "ఉన్నది రాయండి," అన్నారాయన. "ఆమె విన్నానంది. మన రికార్డులో లేదు. రెండూ రాయండి. ఒకదానితో ఇంకోదాన్ని కప్పకండి."

మధ్యాహ్నం మా ఎడిటర్ గారు ఫోను చేశారు. జరిగింది చెబితే ఉత్సాహపడ్డారు. "పోయినావిడ గొంతని కోడలు అంది కదా, అక్కడితో ఆపేయండి. జనం చచ్చినట్టు వింటారు."

"ఆవిడ బతికుంది సార్. పేరు లచ్చవ్వ. ఆ పేరుతోనే పంపుతాను," అన్నాను. "సరే, పంపండి," అన్నారు చివరకు. కొత్త విభాగంలో నాకు చోటు ఉంటుందో లేదో ఆ మాటలో తేలలేదు.

ప్రసారానికి ఆమె అనుమతి కావాలి. శిక్షణలో మొదటి నియమం అదే. సర్టిఫికెట్లు ఇచ్చాక సాయంత్రం ఐదింటికి మళ్ళీ దవాఖానకు వెళ్ళి, రికార్డింగు ఆమెకే వినిపించాను. తన గొంతు విని లచ్చవ్వ చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూసింది. నిమిషం అయిపోయింది.

"ఎయ్యి బిడ్డా, అందరిని విననియ్యి," అంది. "కానీ నన్ను పిలిచినాయన గొంతు కూడ ఎయ్యి. అది ఎందుకు తీసేసినవు?"

తీయలేదవ్వా అన్నాను. ఆమె నమ్మలేదు.

గురువారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక హైదరాబాద్ వైపు పోయే రైలు దొరికింది. కుర్చీల బోగీ, టిఫిను బాగానే ఉంది. పక్కన కూర్చున్న వ్యాపారి నా మెడలోని హెడ్‌ఫోన్లు చూసి, "పాటలా మేడం?" అన్నారు. పని నేర్చుకుని వస్తున్నానని చెప్పాను. "ఏం నేర్పారు?" అంటే, వినడం అన్నాను. అది కూడా నేర్పుతారా అని ఆయన నవ్వి కిటికీ వైపు తిరిగారు.

కలబురగి దాటాక కంది చేల మధ్య రైలు ఆగింది. ఏసీ కూడా ఆగింది. బోగీలో ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు. రెండు క్షణాలు గడవకముందే అందరూ ఫోన్లు తీశారు, మాటలు మొదలుపెట్టారు. ఆ వ్యాపారి కూడా నాతో ఏదో అన్నారు. నేను చేయి ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేశాను. బండి కదిలేదాకా నేనూ మాట్లాడలేదు, ఎవరైనా పిలుస్తున్నారేమోనని విన్నాను.